దీవి మీద గిన్నెలు ఎవరు కడిగారు?

తెలుగులో 'సెలవు' అన్న మాటకి విరామమనే అర్థంతో పాటు అనుమతి అనే అర్థం కూడా ఉంది. 'సెలవిప్పించండి' అని అడిగి బయల్దేరడం మనకి పాత మర్యాద. స్త్రీల విషయంలో ఈ రెండర్థాలూ ఎప్పుడూ విడిపోలేదు. ఆమెకి విరామం దొరకాలంటే ముందు ఎవరో ఒకరు అనుమతించాలి. పుట్టింటికి వెళ్లడం, పురిటికి వెళ్లడం, తీర్థయాత్రకి వెళ్లడం - మన సమాజం స్త్రీకి మంజూరు చేసిన సెలవులు ఇంచుమించు ఇవే. వీటిలో ఏదీ ఆమె ఒంటరిగా, తనకోసం తాను ఉండడానికి ఇచ్చింది కాదు. తీర్థయాత్రలో కూడా అందరికంటే ముందు లేచి, అందరి తడిబట్టలూ పిండి ఆరేసేది ఆమే.

మరి ఒక స్త్రీ ఇల్లూ పిల్లల్నీ వదిలి, సముద్రం మధ్య ఒక దీవిలో కొన్నాళ్లు ఊరికే ఉండడానికి వెళ్లి, ఆ ఉండడం గురించే పుస్తకం రాస్తే దాన్ని మనం ఎలా చదవాలి? ఆన్ మారో లిండ్‌బర్గ్ 1955లో ప్రచురించిన 'గిఫ్ట్ ఫ్రమ్ ద సీ' అలాంటి పుస్తకం. అమెరికాలో వచ్చీ రాగానే విపరీతంగా అమ్ముడుపోయింది. స్త్రీలు ఒకరికొకరు బహుమతిగా ఇచ్చుకునే పుస్తకంగా ఇప్పటికీ నిలిచి ఉంది. స్త్రీవాద విమర్శలో మాత్రం దానికి స్థిరమైన చోటు లేదు. కొందరికి అది ముందుచూపున్న పుస్తకం, కొందరికి డబ్బున్న స్త్రీ చెప్పుకున్న వేదాంతం. ఈ రెండు అభిప్రాయాలూ పుస్తకంలోని అసలు విషయాన్ని దాటిపోతున్నాయని నాకనిపిస్తుంది.

రచయిత్రి గురించి కొంచెం చెప్పాలి. తండ్రి బ్యాంకరు, తర్వాత మెక్సికోలో అమెరికా రాయబారి. భర్త చార్లెస్ లిండ్‌బర్గ్ అట్లాంటిక్ సముద్రాన్ని ఒంటరిగా విమానంలో దాటి ప్రపంచ ప్రసిద్ధుడైనవాడు. ఆమె కూడా 1930లో గ్లైడర్ నడిపే లైసెన్సు సంపాదించింది. భర్తతో కలిసి సుదూర విమానయానాలు చేసి, వాటి గురించి పుస్తకాలు రాసింది. 1932లో వాళ్ల మొదటి బిడ్డని ఎత్తుకుపోయి చంపేశారు. ఈ పుస్తకం రాసేనాటికి ఆమె ఐదుగురు పిల్లల తల్లి. ఫ్లోరిడా పడమటి తీరంలో ఉన్న కాప్టీవా దీవిలో గడిపిన రోజులు ఈ పుస్తకానికి ఆధారం.

పుస్తకంలో చాలా అధ్యాయాలకి గవ్వల పేర్లే పెట్టింది. ఒక్కొక్క గవ్వనీ చేతిలోకి తీసుకుని, దాని ఆకారం నుంచి ఆలోచన మొదలుపెడుతుంది. పీత కాపురం చేసి వదిలేసిన గవ్వని చూసి, తన ఇల్లు ఎంత బరువైపోయిందో లెక్క వేసుకుంటుంది. బజారు, వైద్యులు, బడి, బట్టలు, ఉత్తరాలు, విందులు - ఇవన్నీ ఒకే మనిషి తలలో ఒకేసారి తిరుగుతుంటే ఆమె ముక్కలు ముక్కలైపోతుందంటుంది. దీవి మీది కుటీరంలో కర్టెన్లు లేవు, తివాచీలు లేవు. దుమ్ము గురించి బెంగ లేదు. చందమామలా గుండ్రంగా ఉన్న ఇంకో గవ్వ ఆమెకి ఏకాంతం గురించి చెబుతుంది. ఇక్కడ ఆమె చేసిన పరిశీలన చాలా పదునైనది. పనిమీద వెళ్లాలనో, జుట్టు కత్తిరించుకోవాలనో స్త్రీ చెబితే ఎవరూ అడ్డు చెప్పరు. 'నేను కాసేపు ఒక్కదాన్నే ఉండాలి' అంటే మాత్రం అందరూ వింతగా చూస్తారు. హక్కుల కోసం పోరాడిన తొలితరం స్త్రీవాదులు ఆ హక్కుల్ని ఎలా వాడుకోవాలన్నది వెనక వచ్చేవాళ్లకి వదిలేశారని కూడా అంటుంది.

ఈ పుస్తకాన్ని ఒకసారి ఎం.ఏ. విద్యార్థినులతో కలిసి చదివాను. వెనక వరుసలో కూర్చునే ఒకమ్మాయి, 'మేడమ్, ఆవిడ అక్కడ గవ్వలు ఏరుకుంటుంటే గిన్నెలు ఎవరు కడిగారు?' అని అడిగింది. క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయి నవ్వలేదు. ఆ ప్రశ్న పట్టుకునే నేను మరి కొన్ని దీవుల పుస్తకాల్లోకి వెళ్లాను.

మొదటిది కేట్ షోపాన్ నవల 'ది అవేకెనింగ్'. 1899లో వచ్చింది. లూసియానా తీరంలోని గ్రాండ్ ఐల్ దీవిలో వేసవి గడపడానికి వచ్చిన సంపన్న కుటుంబాలతో కథ మొదలవుతుంది. మగవాళ్లు వారమంతా న్యూ ఆర్లీన్స్‌లో వ్యాపారాలు చూసుకుని వారాంతానికి వస్తారు. ఎండకి కమిలిన భార్య ఎడ్నాని చూసినప్పుడు భర్తకి పాడైన విలువైన వస్తువుని చూసినట్టుంటుంది. రాత్రి ఆలస్యంగా వచ్చి, నిద్రపోతున్న ఆమెని లేపి, పిల్లాడికి జ్వరమొచ్చిందనీ ఆమెకి పట్టడంలేదనీ దెప్పుతాడు. పిల్లాడికి జ్వరం లేదు. ఎడ్నా వరండాలో కూర్చుని ఏడుస్తుంది. సెలవులో కూడా తల్లి ఉద్యోగానికి సెలవు లేదని షోపాన్ ఒక్క రాత్రిలో చూపించింది.

ఎడ్నాకి ఈతా, తన శరీరమూ, తన కోరికా ఆ దీవిలోనే తెలిసొచ్చాయి. దీని గురించి చాలా విమర్శ వచ్చింది. నేను చూడమంటున్నది అదే దీవి మీద అంచుల్లో ఉన్న మనుషుల్ని. ఎడ్నా పిల్లల వెనకాల ఎప్పుడూ ఒక ఆయా నడుస్తూ ఉంటుంది. నల్లజాతి రక్తం నాలుగోవంతు ఉందని ఆనాటి సమాజం లెక్కగట్టిన స్త్రీ. నవల ఆమెకి పేరు పెట్టలేదు. ఎటో దూరంగా ఆలోచిస్తున్నట్టు చూస్తుందని మాత్రం చెప్పింది. ఇంకో చోట బస యజమానురాలు కుట్టుమిషను ముందు కూర్చుని కుడుతుంటుంది. తొక్కడం ఆరోగ్యానికి మంచిది కాదు కాబట్టి, ఒక నల్లజాతి చిన్నపిల్ల నేల మీద కూర్చుని మిషను తొక్కుడు పలకని చేతులతో ఆడిస్తుంటుంది. షోపాన్ దీన్ని ఒకటి రెండు వాక్యాల్లో చెప్పి వెళ్లిపోతుంది. వ్యంగ్యం ఉందో లేదో తేల్చడం కష్టం. ఆ పిల్ల ఆరోగ్యం గురించి ఆ గదిలో ఎవరికీ ఆలోచన రాలేదన్నది మాత్రం స్పష్టం.

నవలలో ఎడ్నా ఒళ్లు మరిచి నిద్రపోయేది ఒక్క మధ్యాహ్నం. అది గ్రాండ్ ఐల్‌లో కాదు, పక్కనున్న షెనియేర్ కమినాడా అనే ఊళ్లో, మదామ్ ఆంత్వాన్ అనే స్థానిక స్త్రీ ఇంట్లో. శుభ్రమైన తెల్లటి పక్క మీద పడుకుని, బట్టలు వదులు చేసుకుని, తన చేతుల్ని తానే మొదటిసారి చూస్తున్నట్టు చూసుకుంటుంది. లేచాక ఎన్నేళ్లు నిద్రపోయానని అడుగుతుంది. ఆకలి తీరా తింటుంది. స్త్రీ విశ్రాంతి గురించి నేను చదివిన మంచి ఘట్టాల్లో ఇదొకటి. ఆ పక్క వేసింది ఇంకో స్త్రీ. తర్వాత ఆ ఊరు ఏమైందో షోపాన్ పాఠకులకి తెలుసు. 1893 అక్టోబరు తుపాను దాన్ని తుడిచిపెట్టేసింది. 1977 నవంబరు ఉప్పెన తర్వాత దివిసీమ పేరు వింటే మనకి గుర్తొచ్చేది సెలవు కాదు కదా! వేసవికి వచ్చినవాళ్లు వెళ్లిపోయాక కూడా దీవిలో మిగిలి ఉండేవాళ్లుంటారు. సముద్రం వాళ్లకి వేరే సంగతి.

షోపాన్ పేరు పెట్టని ఆయా ఏం ఆలోచిస్తూ ఉండేది? దీనికి సమాధానం దాదాపు తొంభై ఏళ్ల తర్వాత, 1990లో జమైకా కిన్‌కైడ్ నవల 'లూసీ'లో దొరుకుతుందని నా వాదన. కిన్‌కైడ్ కరీబియన్ దీవి యాంటిగ్వాలో పుట్టి, 1960లలో ఇంకా ఇరవై నిండకముందే అమెరికాలో పిల్లల్ని చూసుకునే పనికి వెళ్లింది. నవలలో లూసీ చేసేదీ అదే పని. ఈసారి కథ చెప్పేది ఆమే. యజమానురాలు మరాయా మంచిది, ఉదారురాలు, స్త్రీవాద భావాలున్న మనిషి. సెలవులకి సరస్సు ఒడ్డునున్న తన చిన్ననాటి ఇంటికి లూసీని కూడా తీసుకెళుతుంది. ఆ రైల్లో భోజనాల పెట్టెలో కూర్చుని తినేవాళ్లంతా మరాయా బంధువుల్లా, వడ్డించేవాళ్లంతా తన బంధువుల్లా ఉన్నారని లూసీ గమనిస్తుంది. మరాయా గమనించదు. సరస్సు ఒడ్డున మరాయాకి సెలవు. పిల్లల్ని రోజూ నీళ్ల దగ్గరికి తీసుకెళ్లే లూసీకి ఉద్యోగం. లూసీ బాధ చూడలేక మరాయా ఆమె చేతికొక లావుపాటి పుస్తకం ఇస్తుంది. పేరు చెప్పకపోయినా అది సిమోన్ ద బోవా పుస్తకమని మనకి అర్థమవుతుంది. తన జీవితాన్ని ఈ పుస్తకం వివరించలేదని లూసీ అనుకుంటుంది. ఈ చోటికి వచ్చేసరికి మనలాంటి వాళ్లం ఆగకుండా ముందుకి పోలేం.

దీనికి రెండేళ్ల ముందు, 1988లో కిన్‌కైడ్ రాసిన 'ఎ స్మాల్ ప్లేస్' పర్యాటకుడిని 'నువ్వు' అని సంబోధిస్తూ నడుస్తుంది. నువ్వు దిగిన విమానాశ్రయం, నువ్వు ఎక్కిన టాక్సీ, నువ్వు తినే తిండి ఎక్కడినుంచి వచ్చింది, నువ్వు కడుక్కున్న నీళ్లు ఏ సముద్రంలోకి పోతున్నాయి అని వరసగా అడుగుతుంది. చాలామంది దీన్ని కోపంతో రాసిన పుస్తకంగానే గుర్తుపెట్టుకున్నారు. అందులో ఉన్న ఒక ముఖ్యమైన మాటని వదిలేశారు. ఏ ఊరివాళ్లకైనా రోజువారీ బతుకు నుంచి కాస్త విరామం కావాలనే ఉంటుంది, కానీ ప్రపంచంలో ఎక్కువమందికి ఎక్కడికీ వెళ్లే స్తోమత లేదు అంటుంది ఆమె. అంటే కిన్‌కైడ్ విశ్రాంతిని తప్పుపట్టడం లేదు. అది కొందరికే ఉండడాన్ని తప్పుపడుతోంది.

ఇంత తిరిగి మళ్లీ లిండ్‌బర్గ్ దగ్గరికి వస్తే, ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకి జవాబు పుస్తకంలోనే ఉంది. తల్లి పిల్లల కోసం కట్టుకుని, వాళ్లు బయటికి వెళ్లాక వదిలేసే గవ్వ పేరు ఆర్గొనాటా. ఆ పేరున్న అధ్యాయంలో ఆమె చెల్లెలు వారం రోజులు దీవికి వస్తుంది. సరుగుడు చెట్లలోంచి వచ్చే గాలి చప్పుడుకి ఇద్దరూ మేలుకుంటారు. ఇల్లు ఊడుస్తారు, గిన్నెలు కడిగి తుడిచి సర్దుతారు. ఆ పని చేస్తూనే ఒక మనిషి గురించో, ఒక కవిత గురించో మాట్లాడుకుంటారు. తర్వాత ఎవరి పని వారు చూసుకుంటారు. సాయంత్రం ఒడ్డున నడుస్తారు. రాత్రి నక్షత్రాలు చూస్తారు. రచయిత్రి దృష్టిలో ఇది లోటులేని రోజు.

స్త్రీ పురుష సంబంధం ఎలా ఉంటే బాగుంటుందో ఆలోచిస్తున్న అధ్యాయంలో ఉదాహరణగా దొరికింది ఇద్దరు ఆడవాళ్లు గడిపిన రోజు! అది పని లేని రోజు కూడా కాదు. ఆ పని ఒక్కరి మీదే పడలేదు. ఒకరు కూర్చుంటే ఒకరు చేయలేదు, చేసినదానికి ఎవరూ ఎవరికీ రుణపడలేదు. పని లేకపోవడం విశ్రాంతి అని మొదటి అధ్యాయాల్లో అనుకున్న పుస్తకం ఇక్కడికి వచ్చేసరికి వేరే మాట చెబుతోంది. ఎడ్నాకీ మరాయాకీ దొరకనిది ఇదే. వాళ్ల సెలవులో పని ఎప్పుడూ ఇంకొకరిది.

అయినా ఈ పుస్తకం పూర్తి జవాబు ఇవ్వదు. ఈ వారంలో దూరాన ఉన్న ఆ పెద్ద ఇంట్లో గిన్నెలు ఎవరు కడిగారన్న ప్రశ్నని అది తనని తాను అడుగుకోదు. దీవిలో పుట్టి పెరిగినవాళ్ల బతుకు దానికి విషయం కాలేదు. ఇది లోపమే. చార్లెస్‌కి జర్మనీలో రహస్య కుటుంబాలున్నాయని ఆమె చనిపోయిన రెండేళ్లకి, 2003లో బయటపడ్డాక, వివాహం గురించిన అధ్యాయాల్ని జాలితో చదవడం మొదలైంది. ఆ సంబంధాలు ఈ పుస్తకం వచ్చిన తర్వాతివి. రచయిత్రి జీవితాన్ని అడ్డంపెట్టుకుని పుస్తకంతో వాదించడం మానేస్తే, దాని బలమూ లోపమూ రెండూ స్పష్టంగా కనిపిస్తాయి.

మన పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లలికీ అలికీ తన పేరే మర్చిపోయిన గృహిణికి ఆ పేరు గుర్తుచేసింది ఒక పాత స్నేహితురాలు. పేరు దొరికిన శారద మళ్లీ ఇంటికే వెళుతుంది, కానీ ఇక ఆ పేరుతోనే పిలవమంటుంది. ఆమెకి దీవి లేదు, వారం రోజుల సెలవూ లేదు. స్నేహితురాలితో గడిపిన కాసేపే ఆమె దీవి. లిండ్‌బర్గ్ చెల్లెలితో గడిపిన రోజుకి ఇది చాలా దగ్గర. ఇక మనింట్లో గిన్నెలు ఎవరు తోముతున్నారన్న ప్రశ్న తెలుగులో దళిత స్త్రీవాదులు మనల్ని ముఖాముఖి అడిగారు. వంటింటి నుంచి విముక్తి కోరిన కవిత్వం, ఆ వంటింటి వెనక గుమ్మం దగ్గర నిలబడ్డ స్త్రీని ఎందుకు చూడలేదని నిలదీశారు. లూసీ మరాయాని అడగకుండా లోపలే అనుకున్న మాట మన దగ్గర బయటికి వచ్చింది. అది మన సాహిత్యానికి జరిగిన మేలు.

కాబట్టి, అలిసిపోయిన స్త్రీ సముద్రం ఒడ్డున ఊరికే కూర్చోవాలనుకుంటే ఆమెకి నేరభావన అంటగట్టడం మన పని కాదు. ఆ కోరిక న్యాయమైనది. దానికి ఇంకొకరి సెలవు ఎందుకు కావాలని అడగడం ఎంత అవసరమో, దానివల్ల ఇంకెవరి సెలవు రద్దవుతోందని అడగడమూ అంత అవసరం. రిసార్టులో రోజూ పక్కలు మార్చి, గదులు ఊడ్చే స్త్రీ తన సెలవు గురించి తాను రాసిన పుస్తకం ఇంతవరకు నా చేతికి రాలేదు. అది వచ్చేదాకా, లిండ్‌బర్గ్ పుస్తకాన్ని నేను సగం పుస్తకంగానే చదువుతూ ఉంటాను, ఇష్టంగానే.