సున్నా లేకుండా నూట ఎనిమిది

ఎక్కడ కొత్తగా ఇంటర్‌కమ్ బిగించబోయినా ముందు వినిపించే మాట ఒకటే: "నా నంబరెంతండీ?" పెద్ద డాక్టరు గారికి తేలిగ్గా గుర్తుండే నంబరు కావాలి. అకౌంటెంటు గారికి పాత నంబరే ఉండాలి. మేనేజరు గారికి గది నంబరూ ఫోను నంబరూ కలవాలి. ఇవన్నీ ఇవ్వవచ్చు, కష్టమేమీ లేదు. లోపలి ఫోన్లన్నిటినీ కలిపే ఈపీఏబీఎక్స్ పెట్టెకు ల్యాప్‌టాప్ తగిలించి కూర్చుంటే నలభై ఎక్స్‌టెన్షన్లకు నంబర్లు వేయడం ఓ పూట పని కూడా కాదు. కానీ ఎవరూ అడగని ప్రశ్నలు రెండున్నాయి. ఆ నంబరు మోగినప్పుడు ఎవరూ ఎత్తకపోతే ఆ కాల్ ఎక్కడికి పోతుంది? రాత్రి రెండింటికి, నిన్ననే చేరిన ఆయా వణికే చేత్తో రిసీవరెత్తితే ఆమె వేలు ఏ అంకె మీద పడుతుంది?

నా పని ఎక్కువగా నర్సింగ్ హోముల్లో. అందుకే ఈ రెండింటికీ జవాబు దొరకకుండా ప్రోగ్రామింగుకు కూర్చోను. నోటుబుక్కు పట్టుకుని అంతస్తులన్నీ తిరుగుతాను. పగలొకసారి, రాత్రి డ్యూటీ మారాక ఇంకోసారి. పగటి ఆసుపత్రి వేరు, రాత్రి ఆసుపత్రి వేరు. పగలు పదిమంది కూర్చునే కౌంటర్లో రాత్రి లైటు కూడా ఉండదు. అక్కడ ఫోను మోగుతూనే ఉంటుంది.

ఈ సంగతి నాకు నేర్పింది ఒక పాత ఆసుపత్రి ఆపరేటరమ్మ. ఇంకొద్ది నెలల్లో రిటైరవుతున్నారు. ఆవిడ కుర్చీని తీసేసి, ఆ స్థానంలో "ఓపీ కోసం ఒకటి నొక్కండి" అని పలికే రికార్డింగు పెట్టమన్నారు యాజమాన్యం వాళ్లు. నేను రాసుకున్న పట్టీ చూసి ఆవిడ అన్నారు: "బాబూ, ఫార్మసీకి 212 అని రాశావు, బాగానే ఉంది. రాత్రి పదిన్నర దాటితే ఆ అబ్బాయి షట్టరు సగం దించేసి క్యాజువాలిటీ పక్కన కుర్చీ వేసుకుంటాడు. అప్పుడు అక్కడ మోగాలి. పై అంతస్తు సిస్టర్లు ఎత్తలేదంటే డ్రెస్సింగులో ఉన్నారన్నమాట. నేనైతే పక్క వార్డుకు చేస్తాను, వాళ్లు వెళ్లి పిలుస్తారు."

ఇలాంటివి ఆవిడ ఒక మధ్యాహ్నమంతా చెప్పారు, నేను రాసుకున్నాను. ఏ బ్లూప్రింటులోనూ లేని సమాచారమది. ఎవరు ఎప్పుడు ఎక్కడుంటారో, ఎవరు పలకకపోతే ఎవరిని అడగాలో ఆ ఒక్క మనిషికే తెలుసు. ఆవిడ వెళ్లిపోయాక ఆ తెలివంతా మెషీన్లోకి ఎక్కాలి, లేకపోతే పోతుంది. ఎక్స్‌టెన్షన్ల కాన్ఫిగరేషన్ అంటే నా దృష్టిలో అసలు పని ఇదే. మిగతాదంతా టైపింగు.

ఇక నంబర్ల సంగతి. నలభై యాభై ఫోన్లున్న చోట మూడంకెలు చాలు. మొదటి అంకెను బట్టి అంతస్తు తెలియాలి. గ్రౌండ్ ఫ్లోరుకు 2, ఫస్ట్ ఫ్లోరుకు 3, ఆ పైదానికి 4 ఇస్తాను. "ఫస్ట్ ఫ్లోరుకు 1 ఇస్తే పోలా, గుర్తుంటుంది కదా" అని ప్రతిచోటా అంటారు. ఈ ఒక్క విషయంలో నేను ఒప్పుకోను. 1ని ఎవరికీ ఇవ్వను.

కారణం చెప్తాను. 100 పోలీసుది, 101 అగ్నిమాపక దళానిది, 108 అంబులెన్సుది, 112 దేశమంతటా అన్ని ఆపదలకూ కలిపి. 1తో మొదలయ్యే వరసను గదులకు పంచితే వీటిలో ఏదో ఒకటి స్టోర్‌రూముకో క్యాంటీనుకో పోతుంది. 108 జపమాల సంఖ్య కాబట్టి అది తమ గదికి కావాలని ముచ్చటపడేవాళ్లూ ఉన్నారు. ఆ ముచ్చట నాకు అర్థమవుతుంది. కానీ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆ సేవ మొదలైనప్పటి నుంచి మన రెండు రాష్ట్రాల్లో చదువు రానివాళ్లకు కూడా నోటికొచ్చిన నంబరు అది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు జనం వేలు తనంతట తానే వెళ్లే చోటు. అక్కడ ఛైర్మన్ గారి గది ఫోను మోగకూడదు.

నంబరు ఖాళీగా ఉంచినంత మాత్రాన సరిపోదు. మన ఈపీఏబీఎక్స్‌లలో బయటి లైను కావాలంటే 0, ఆపరేటరు కావాలంటే 9 నొక్కడం ఆనవాయితీ. కంగారులో ఉన్న మనిషికి ఆ సున్నా గుర్తుండదు. బయటి నుంచి వచ్చిన రోగి బంధువుకైతే అలాంటిదొకటి ఉందనే తెలియదు. నేరుగా 108 నొక్కుతాడు, ఫోను కుయ్యిమంటుంది. మళ్లీ నొక్కుతాడు.

ఇది ఊహించి చెప్తున్నది కాదు. అమెరికాలో చాలా హోటళ్లలో బయటి లైనుకు 9 నొక్కాలి. 2013 డిసెంబరులో టెక్సాస్ రాష్ట్రం మార్షల్ పట్టణంలోని ఒక హోటల్ గదిలో కారీ హంట్ అనే ఆమె మీద, విడిగా ఉంటున్న భర్త దాడి చేశాడు. పక్కనే ఉన్న తొమ్మిదేళ్ల కూతురు ఇంట్లో పెద్దలు నేర్పినట్టే అక్కడి అత్యవసర నంబరు 911 నొక్కింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు. ముందు 9 నొక్కాలని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. ఫోను కలవలేదు, తల్లి చనిపోయింది. ఆ పాప తాతగారు ఊరుకోలేదు, దేశమంతా తిరిగి అడిగారు. 2018లో కారీ పేరుతోనే చట్టం వచ్చింది, 2020 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం అక్కడ కొత్తగా పెట్టే ఏ ఆఫీసు ఫోను వ్యవస్థలోనైనా ముందు ఏ అంకే లేకుండా 911 కలవాలి, అదే సమయంలో హోటల్ కౌంటరుకో సెక్యూరిటీకో కబురు అందాలి.

ఆ పాప నొక్కిన నంబరు తప్పు కాదు, ఫోను వ్యవస్థ తప్పు. ఎవరో ఒక టెక్నీషియన్ ఎప్పుడో ఒక సాయంత్రం రాయకుండా వదిలేసిన ఒక్క లైను. మన దగ్గర చాలాచోట్ల ఇది ఇంకా బిగించేవాడి శ్రద్ధ మీదే ఆధారపడి ఉంది. అందుకే నేను ఎక్కడ పని చేసినా 100, 101, 108, 112 సున్నాతోనూ కలవాలి, సున్నా లేకుండానూ కలవాలి. ఎస్టీడీ బంద్ చేసిన ఫోను నుంచి కూడా కలవాలి. లిఫ్టులోని ఫోను నుంచి, వాచ్‌మన్ గది ఫోను నుంచి కూడా.

బ్రాంచీలున్న సంస్థల్లో ఇంకో చిక్కుంది. ఇప్పుడు ఫోన్లన్నీ నెట్‌వర్కు మీద నడుస్తున్నాయి కాబట్టి విజయవాడ, వరంగల్ బ్రాంచీల కాల్స్ అన్నీ హైదరాబాదు హెడ్డాఫీసు లైన్ల మీదుగా బయటికి పంపడం సుళువు, ఖర్చూ తక్కువే. కానీ విజయవాడలో నొక్కిన 112 హైదరాబాదు లైను మీదుగా వెళ్తే పలికేది ఏ ఊరి కంట్రోల్ రూము? అందుకే మిగతా కాల్స్ ఎటు పోయినా అత్యవసర కాల్స్ మాత్రం ఏ ఊరివి ఆ ఊరి లైను మీదే పోవాలని విడిగా రాయాలి. లైను ఇచ్చే కంపెనీని కూడా అడగాలి, వాళ్ల వైపు ఆ నంబర్లు తెరిచి ఉన్నాయా అని.

సున్నా గురించి ఇంకొకటి. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైను మీద మొబైలుకు చేయాలంటే ముందు 0 తప్పనిసరైంది. ఆఫీసు ఫోను నుంచైతే లైను కోసం ఒక సున్నా, మొబైలు కోసం ఇంకో సున్నా. ఇప్పటికీ కొన్నిచోట్ల "డబల్ జీరో కొట్టండి" అని కాగితం అంటించి ఉంటుంది. 6 నుంచి 9 లోపు అంకెతో మొదలయ్యే పదంకెల నంబరు వస్తే ఆ రెండో సున్నాను మెషీనే కలుపుకునేలా పెట్టవచ్చు. మెషీను చేయగల పనిని మనుషులకు అప్పగించడం నాకు నచ్చదు.

మళ్లీ మొదటి ప్రశ్నకు వద్దాం, ఎవరూ ఎత్తకపోతే ఏమిటని. 1999లో మార్క్ స్పెన్సర్ అనే అమెరికా విద్యార్థి తన చిన్న కంపెనీకి ఫోను ఎక్స్ఛేంజి కొనే స్తోమత లేక, మామూలు కంప్యూటరు మీద నడిచేలా తానే ఒకటి రాసుకున్నాడు. దాని పేరు ఆస్టరిస్క్. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. దాంతో పని చేసినవాళ్లకు ఒక మంచి అలవాటు అబ్బుతుంది. అందులో నంబరుకు ఫోను తగిలించి చేతులు దులుపుకోవడం కుదరదు. ఆ నంబరుకు కాల్ వస్తే ఏం చేయాలో మెట్టుమెట్టుగా రాయాలి: ముందు ఈ ఫోను ఇరవై సెకన్లు మోగించు, ఎత్తకపోతే ఆ గ్రూపంతా మోగించు, అప్పటికీ లేకపోతే డ్యూటీ డాక్టరు మొబైలుకు పంపు. చివరి మెట్టు రాయకపోతే కాల్ అక్కడే తెగిపోతుంది. పాత పెట్టెల్లోనూ ఇవన్నీ ఉన్నాయి, చాలామంది ఆ పేజీ తెరవరు, అంతే. తెరిచినా ల్యాబు నుంచి వార్డుకు, వార్డు నుంచి ల్యాబుకు మళ్లించి వదిలేస్తారు. కాల్ ఆ రెండింటి మధ్యా తిరుగుతుంది, చేసినవాడు మోత వింటూ నిలబడతాడు. ప్రతి దారీ చివరికి ఇరవై నాలుగు గంటలూ మనిషి ఉండే ఒక ఫోను దగ్గర ఆగాలి. ఆసుపత్రిలోనైతే అది క్యాజువాలిటీ.

లోపల ఎన్ని ఎక్స్‌టెన్షన్లున్నా బయటికి లైన్లు కొన్నే ఉంటాయి. ఎన్ని ఉండాలన్నది కొందరు చెయ్యి చూసి జోస్యం చెప్పినట్టు తేలుస్తారు. దానికి లెక్క ఉంది, 1917లోనే కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే గణితజ్ఞుడు ఇచ్చాడు. రద్దీ గంటలో ఇరవై కాల్స్, ఒక్కోటి సగటున మూడు నిమిషాలు అనుకోండి. రెండు లైన్లుంటే ప్రతి అయిదింటిలో ఒకటి ఎంగేజ్ అవుతుంది. మూడుంటే వందకు ఆరు, నాలుగుంటే ఒకటీ రెండు. మూడో లైను ఖర్చు దండగని యాజమాన్యం అంటే నేను ఈ లెక్క ముందు పెడతాను. ఓపీ కాల్స్‌తో లైన్లన్నీ నిండిపోయిన సమయానికే అంబులెన్సు అవసరం పడవచ్చు. వీలైతే ఒక లైనును లోపలికి వచ్చే కాల్స్‌కు ఇవ్వకుండా బయటికి వెళ్లేవాటికే ఉంచమంటాను.

కరెంటు విషయం కూడా ముందే తేల్చుకోవాలి. పాతకాలపు ఈపీఏబీఎక్స్‌లు కొన్నింటిలో కరెంటు పోతే బయటి లైను ఒకటి నేరుగా ఒక ఫోనుకు కలిసే ఏర్పాటుంది. ఆ ఫోనును క్యాజువాలిటీలో పెట్టించండి, ఎండీ గారి గదిలో కాదు. నెట్‌వర్కు ఫోన్లకు ఆ సౌకర్యం లేదు. ఎక్స్ఛేంజితో పాటు ప్రతి అంతస్తులోని నెట్‌వర్కు స్విచ్చీ యూపీఎస్ మీదే ఉండాలి. ఇక పాస్‌వర్డులు: ఎక్స్‌టెన్షన్ నంబరే పాస్‌వర్డుగా పెట్టే బద్ధకం చాలా ఖరీదైనది. ఇంటర్నెట్టులో అలాంటి ఎక్స్ఛేంజిల కోసం రాత్రింబవళ్లు వెతికే ప్రోగ్రాములున్నాయి. దొరికితే తెల్లారేసరికి విదేశీ కాల్స్ బిల్లు లక్షల్లోకి పోతుంది. అక్కరలేని ఫోన్లకు ఐఎస్డీ కట్టేయడం మొదటి రక్షణ.

మీరు ఆసుపత్రిలో ఉన్నా, బడిలో ఉన్నా, హోటల్లో, ఫ్యాక్టరీలో, అపార్టుమెంటు సంఘంలో ఉన్నా ఈ వారం ఒక పని చేయండి. మీ ఫోన్లు చూసే మనిషిని పిలిచి, ప్రతి ఎక్స్‌టెన్షన్ నుంచీ సున్నా లేకుండా 108, 112 వెళ్తాయా అని అడగండి. పరీక్ష కోసం మీరే నొక్కి చూడకండి, అవతల కంట్రోల్ రూములో ఆ నిమిషం ఇంకెవరికో కావాలి. సెట్టింగు తెరిచి చూపించమనండి. లేకపోతే అప్పుడే పెట్టించండి. చాలా మెషీన్లలో అది పది నిమిషాల పని.