షష్ఠీవిభక్తిలో ప్రాతినిధ్యం: ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ నినాద పరిశీలన

‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అన్న నినాదాన్ని ఉద్యమ చరిత్రలో భాగంగా ఉటంకించడం పరిపాటి. వాక్యంగా చదవడం అరుదు. దేశ్యమైన ‘ఉక్కు’కు అన్యదేశ్యమైన ‘హక్కు’ను అంత్యప్రాసతో జోడించిన ఈ వాక్యంలో క్రియ లేదు. చేకూరి రామారావు ‘తెలుగు వాక్యం’లో చర్చించిన క్రియారహిత వాక్యాల కోవకు ఇది చెందుతుంది. క్రియ లేనందున కాలమూ లేదు, ఇవ్వవలసిన కర్తా లేడు. 1966లో ఇంకా పుట్టని కర్మాగారాన్ని కోరిన వాక్యమే, 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల సంఘం నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు ఆమోదం తెలిపిన తరువాత, ఉన్న కర్మాగారాన్ని అమ్మవద్దన్న వాక్యమైంది. ఒక్క అక్షరమైనా మార్చవలసిన అవసరం కలగలేదు.

అంతకన్నా గమనింపదగినది షష్ఠీవిభక్తి. హక్కు ‘విశాఖవాసుల’ది కాదు, ‘ఆంధ్రుల’ది. 1966 అక్టోబరులో విశాఖలో నిరాహారదీక్షకు కూర్చున్న టి. అమృతరావు గుంటూరు ప్రాంతీయుడు కావడం ఆ షష్ఠికి వ్యాఖ్యానం వంటిది. ఎన్నికల పద్ధతి మాత్రం ‘ఆంధ్రుల’ను గుర్తించదు, నియోజకవర్గాన్నే గుర్తిస్తుంది. 1966 నవంబరు 1 నాటి కాల్పుల తరువాత వచ్చిన 1967 ఎన్నికలలో విశాఖపట్నం ఓటర్లు ఉద్యమ నాయకుడు తెన్నేటి విశ్వనాథాన్ని స్వతంత్ర అభ్యర్థిగా లోక్‌సభకు పంపారు. నినాదానికీ ప్రతినిధికీ పొత్తు కుదిరిన సందర్భమది. 2019లో విశాఖపట్నం లోక్‌సభ స్థానంలో ఓట్లు ప్రధానంగా మూడు పక్షాల మధ్య చీలగా, 4,414 ఓట్ల ఆధిక్యం ఫలితాన్ని తేల్చింది. గెలిచిన అభ్యర్థికి సగం ఓట్లైనా రాలేదు. గెలిచినవారు సైతం 543 స్థానాల సభలో ఒకరు. రాష్ట్రమంతా కలిసినా 25 మందే. 2021 మే నెలలో రాష్ట్ర శాసనసభ ప్రైవేటీకరణకు వ్యతిరేకంగా తీర్మానించినా, కర్మాగారం కేంద్ర ప్రభుత్వ సంస్థ కనుక అది అభ్యర్థనగానే మిగిలింది. ఆంధ్రుల పేరిట అడిగినదాన్ని ఇవ్వగల అధికారం ఆంధ్రులు మాత్రమే ఎన్నుకునే ఏ సభకూ లేదు.

నినాదాన్ని కీర్తించే విమర్శ దాని లోపాన్నీ దాటవేయరాదు. ‘ఆంధ్రుల’ అన్న బహువచనం భూములిచ్చిన గ్రామాలను తనలో కలిపేసుకుంది. ఉద్యోగాల కోసం ‘ఆర్ కార్డు’లు పట్టుకుని దశాబ్దాలుగా తిరుగుతున్న నిర్వాసితులకు ఆ షష్ఠిలో వేరే చోటు లేదు. ఆశ్చర్యకరంగా, నినాదం చేయని పనిని ఇక్కడ నియోజకవర్గమే కొంత చేసింది: 2008 పునర్విభజనతో ఏర్పడిన గాజువాక శాసనసభ స్థానంలో నిర్వాసితుల ఓటును ఏ అభ్యర్థీ విస్మరించలేడు. అయితే అక్కడ గెలిచిన శాసనసభ్యుడు మాట్లాడవలసింది అమరావతిలో. ఆర్ కార్డుపై నిర్ణయం కర్మాగార యాజమాన్యానిది, దానిపైనున్న కేంద్ర ఉక్కు మంత్రిత్వ శాఖది.