పొట్లం కట్టే చెయ్యి

గుంటూరు బ్రాడీపేటలో అడ్డరోడ్డు మలుపు తిరిగితే చాలు, పచారీ కొట్టు ఎదురయ్యేది. లోపలికి తొంగిచూస్తే బెల్లం, ఇంగువ, ఎండుమిర్చి కలగలిసిన వాసన.

కొట్టాయన పనితనమంతా నాకు పొట్లంలోనే కనిపించేది. పాత పేపరు ముక్కను చేతిలో ఒక్క తిప్పు తిప్పితే శంఖం. అందులో కందిపప్పు పోసి, అంచులు మడిచి, పైనుంచి వేలాడే పురికొసను రెండు చుట్లు చుట్టి పుటుక్కున తెంపేవారు. ఇల్లు చేరేదాకా ఒక్క గింజ రాలేది కాదు.

లెక్క ఇంకా గొప్పది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలొచ్చాయి. 16 అణాల రూపాయి 100 పైసలయింది. ఆ తర్వాత కిలోలు. 120 తులాల వీశ అంటే దాదాపు 1,400 గ్రాములు. ధరలన్నీ మళ్లీ కట్టి, అనుమానంగా చూసే ముసలమ్మకు ఓపిగ్గా నచ్చజెప్పింది ఆ కొట్టాయనే.

పల్లెల్లో అయితే కొట్టు ఏకంగా పంటతోనే ముడిపడింది. పత్తి తీతలు మొదలైతేగాని, సంక్రాంతి దాటి మిర్చి కోసి టిక్కీలు యార్డుకు చేరితేగాని రైతు చేతిలో డబ్బు ఆడదు. అన్నాళ్లూ ఉప్పు, నూనె, చింతపండు అరువే. పూచీకత్తు లేదు, పొడుగాటి ఖాతా పుస్తకంలో ఒక వరస మాత్రమే. పురుగుపట్టిన ఏడు ఆ బాకీ మరుసటి పంటకు జరిగేది. ఆ భారం మోసినవాళ్లను మనం తగినంతగా తలుచుకోలేదు.

ఇప్పుడు కాటా కరెంటుది, చెల్లింపు ఫోనుది. కానీ పప్పు తూచాక ఇంకో నాలుగు గింజలు కొసరు వేసే చెయ్యి మా వీధిలో ఇంకా ఉంది.