ఆగిన తీరే ఆనవాలు

నడుస్తున్న పాత కారు దారిలో ఆగిపోయి, సెల్ఫ్ ఎంత కొట్టినా మళ్లీ స్టార్ట్ కాకపోతే మనం కంగారుగా అడిగేది ఒక్కటే: "ఏ పార్టు పోయింది?" అనుభవం ఉన్న మేస్త్రీ ఆ ప్రశ్న జోలికే వెళ్లడు. బానెట్ ఎత్తకముందే, "ఎలా ఆగింది సార్? టక్కున ఆగిందా, కుదుపుకుంటూ ఆగిందా?" అంటాడు. విజయవాడ ఆటోనగర్ మేస్త్రీలూ, హైదరాబాద్ షెడ్లలోని ఉస్తాద్‌లూ, అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లు విప్పుతూ బిగిస్తూ పని నేర్చిన తరమంతా పాటించిన పద్ధతి ఇది. చూసేవాళ్లకు ఊహాగానంలా కనిపించినా, ఇది వరుస తప్పని పరిశోధన.

పెట్రోలు ఇంజిను నడవాలంటే ముఖ్యంగా రెండు అందాలి: ప్లగ్గుకు కరెంటు, కార్బురేటర్‌కు పెట్రోలు. కరెంటు తెగితే ఇంజిను తాళం తిప్పి ఆపేసినట్టు ఒక్కసారిగా ఆగిపోతుంది. పెట్రోలు తగ్గితే అలా జరగదు. కార్బురేటర్ గిన్నెలో మిగిలిన కాస్త పెట్రోలుతో ఇంకొంత దూరం లాగుతుంది. యాక్సిలరేటర్ తొక్కినా ఊపు రాదు, నాలుగు కుదుపులు కుదిపి ఆగుతుంది. అందుకే డ్రైవరు చెప్పే జవాబును బట్టి చెయ్యి ఏ వైపు వెళ్లాలో ముందే తేలిపోతుంది.

తర్వాత సెల్ఫ్ కొట్టించి వింటారు. "టక్" మని ఊరుకుంటే, లేదా లైట్లు మసకబారితే, బ్యాటరీ, టెర్మినళ్లు, ఎర్త్ వైరు చూడాలి. సెల్ఫ్ హుషారుగా తిరుగుతున్నా ఇంజిను అందుకోకపోతేనే అసలు పరీక్ష మొదలవుతుంది.

కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్ మధ్యలోకి వెళ్లే లావు వైరును ఊడదీస్తారు. ఇన్సులేషన్ ఉన్న పట్టుతో దాని కొసను ఇంజిను లోహానికి అయిదారు మిల్లీమీటర్ల దూరంలో ఉంచి సెల్ఫ్ కొట్టిస్తారు. చిటచిటమంటూ నీలం రంగు స్పార్క్ దూకితే కాయిల్ దాకా అంతా సవ్యంగా ఉన్నట్టే. ఇక డిస్ట్రిబ్యూటర్ మూత, రోటర్, ప్లగ్గులు చూడాలి. స్పార్క్ పసుపుగా, నీరసంగా ఉన్నా, అసలే రాకపోయినా పాయింట్లు, కండెన్సర్, కాయిల్ వైపు వెళ్లాలి. ఈ పరీక్ష పాయింట్లున్న పాత కార్లకే. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్న బండిలో చేస్తే బాగున్న భాగాలు కాలిపోవచ్చు.

డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే, ఇంజిను తిరుగుతున్నంతసేపూ మూసుకుంటూ తెరుచుకుంటూ ఉండే పాయింట్లు కనిపిస్తాయి. మూసుకున్నప్పుడు 12 వోల్టుల బ్యాటరీ కరెంటు కాయిల్‌లో పారి అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. తెరుచుకున్న క్షణంలో ఆ క్షేత్రం కూలి వేల వోల్టులు పుడతాయి. ప్లగ్గు దగ్గర స్పార్క్ వచ్చేది దానితోనే. అమెరికా ఇంజనీరు చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఈ ఏర్పాటు 1910 నాటి కాడిలాక్ కార్లలో వచ్చింది. దశాబ్దాలపాటు మన అంబాసిడర్లు, పద్మినిలు నడిచిందీ దీనితోనే. పాయింట్ల మధ్య సందు సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. క్యామ్‌కు రాసుకునే ఫైబర్ ముక్క అరిగేకొద్దీ ఆ సందు తగ్గిపోతుంది. చివరికి పాయింట్లు తెరుచుకోక బండి ఆగిపోతుంది. ఫీలర్ గేజ్ పెట్టి సరిచేస్తే మళ్లీ నడుస్తుంది.

చాలామందిని తిప్పలు పెట్టేది కండెన్సర్. బొటనవేలంత ఉండే ఈ చిన్న గొట్టం, పాయింట్లు తెరుచుకునేటప్పుడు కరెంటు ఆ సందు మీదుగా దూకకుండా ఆపుతుంది. అది పాడైతే పాయింట్ల మధ్యే పెద్ద మంట లేచి వాటి ముఖాలు నల్లబడతాయి. కాయిల్‌లో క్షేత్రం వేగంగా కూలదు కాబట్టి ప్లగ్గుకు బలమైన స్పార్క్ అందదు. పైగా వేడెక్కినప్పుడే మొరాయించి, చల్లబడగానే ఏమీ ఎరగనట్టు పనిచేసే కండెన్సర్లు, కాయిళ్లు ఉంటాయి. బండిని షెడ్డుకు తోసుకెళ్లేసరికి చల్లబడి స్టార్టవుతుంది, జబ్బు దొరకదు. అందుకే తెలిసిన మేస్త్రీ బండి వేడి మీద ఉండగానే, తన దగ్గరున్న మంచి కండెన్సర్‌ను పైపైన తగిలించి చూస్తాడు. వెంటనే అందుకుంటే తీర్పు వచ్చినట్టే.

కరెంటు బాగుందని తేలాకే పెట్రోలు సంగతి. రెండు పరీక్షలూ ఒకేసారి చేయకూడదు, పెట్రోలు ఆవిరి దగ్గర స్పార్క్ ప్రాణాంతకం. లావు వైరును కింద ఎర్త్‌కు తగిలించి, కార్బురేటర్ దగ్గర పెట్రోలు గొట్టం ఊడదీసి, కొసను సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టిస్తారు. ఏసీ పంపు అని పిలిచే పెట్రోలు పంపు బాగుంటే పెట్రోలు ఆగి ఆగి చిమ్ముతుంది. రాకపోతే పంపులోని డయాఫ్రం చిరిగిందేమో, ఫిల్టర్‌లో ట్యాంకు అడుగు మట్టి పేరుకుందేమో చూస్తారు. ఇంకో చిన్న విషయం ఉంది. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మూసుకుపోతే లోపల శూన్యం ఏర్పడి పెట్రోలు కదలదు. మూత తిప్పగానే "బుస్" మని గాలి లోపలికి దూరితే దోషం దొరికినట్టే. పెట్రోలు చక్కగా వస్తుంటే ఒక ప్లగ్గు విప్పుతారు. పొడిగా ఉంటే కార్బురేటర్‌లోని జెట్టు మూసుకుపోయింది, తడిసి వాసన కొడితే పెట్రోలు ఎక్కువైంది. తడిసినప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టి సెల్ఫ్ కొడితే తరచు అందుకుంటుంది.

మన ఎండల్లో మరో బాధ వేపర్ లాక్, షెడ్డు భాషలో ఎయిర్ లాక్. ఇంజిను వేడికి పంపులోనో గొట్టంలోనో పెట్రోలు ఆవిరైతే పంపు దాన్ని లాగలేదు. పంపు మీద తడిగుడ్డ వేసి పావుగంట ఆగడం మేస్త్రీలు చెప్పే పాత ఉపాయం. చల్లబడ్డ ఆవిరి మళ్లీ ద్రవమవుతుంది కాబట్టి అది శాస్త్రానికి సరిపోయే ఉపాయమే. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. పాత బండ్ల రబ్బరు గొట్టాలు, డయాఫ్రంలు దానికోసం తయారైనవి కావు. వాటిని ఎప్పటికప్పుడు చూసి మార్చుకోవాలి.

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపరాలో అంబాసిడర్ తయారీ 2014లో నిలిచిపోయింది. కార్బురేటర్లు పోయి ఇంజెక్షన్ ఇంజిన్లు వచ్చాయి. అయినా ఈ పద్ధతికి కాలం చెల్లలేదు. వేడెక్కాక టక్కున ఆగి, చల్లారాక నడిచే ఇంజెక్షన్ బండిలో క్రాంక్ సెన్సర్‌ను అనుమానించడం పాత కండెన్సర్ నేర్పిన పాఠమే. తాళం తిప్పగానే ట్యాంకులో పంపు కాసేపు గుంయ్‌మని మోగిందా లేదా అని వినడం కూడా అలాంటిదే. స్కానర్ కోడ్ చూపిస్తుంది. ఆ కోడ్‌కు కారణం సెన్సరా, వైరా, కనెక్టరా అన్నది తేల్చాల్సింది మనిషే. కోడ్ చూడగానే పార్టు మార్చి, అది కాకపోతే ఇంకోటి మార్చే పద్ధతిలో బిల్లు పెరుగుతుంది కానీ జబ్బు పోదు.

ఈ విద్య పుస్తకాల్లో కంటే షెడ్డులో, మేస్త్రీ పక్కన నిలబడి స్పానర్ అందిస్తూ నేర్చుకున్నవాళ్ల దగ్గరే ఎక్కువగా ఉంది. అది నిలవాలంటే మన తీరూ మారాలి. మేస్త్రీ అరగంట పరీక్షించి, ఊడిన వైరు బిగించి డబ్బులడిగితే "పార్టేమీ వేయలేదు కదా" అని బేరమాడతాం. పది పార్టులు మార్చినవాడికి మాత్రం మాట్లాడకుండా చెల్లిస్తాం. జబ్బు కనిపెట్టడమే అసలు పని, కూలి దానికే ఇవ్వాలి. మీ బండి ఆగితే ఎలా ఆగిందో, ఎంత వేడి మీద ఆగిందో, ఎంతసేపటికి మళ్లీ అందుకుందో గుర్తుపెట్టుకుని మేస్త్రీకి చెప్పండి. అతని పరీక్షలో మొదటి మెట్టు మీరు చెప్పే ఆ మాటే.