మహాప్రస్థానం గుంపు, జోడేఘాట్ గుంపు

తిరగబడే పడుచువాళ్ల గురించి మాట వస్తే తెలుగువాళ్లు ముందు తలచుకునేది శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ గేయాన్నే. హాస్టళ్లలో చదివిన మా పిల్లలకూ అది నోటికి వచ్చు. దాని పక్కన సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన ‘కొమురం భీం’ నవల పెట్టి చదివాం. రెండింటిలోనూ కదిలేది గుంపే. ఏ గుంపులో మనకు చోటుందన్నదే మా ప్రశ్న.

గేయం 1934 నాటిది. అప్పుడు మన చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది, నేరస్థ జాతుల చట్టం అమల్లో ఉండేది. ఆ చట్టం కింద పేరెక్కిన ఎరుకలవాడు పోలీసులకు హాజరు చెప్పుకోవాలి. చెప్పకుండా మకాం మార్చితే నేరం. ‘తెగ’, ‘ముఠా’ ఆ చట్టంలో పక్కపక్కనే ఉండే మాటలు. 1947లో మద్రాసు రాష్ట్రంలో అది రద్దయ్యేదాకా మనవాళ్లు నలుగురు కలిసి నడవడమే అనుమానం. కలిసి నడవమని పిలిచే గేయాన్ని మనం ఆ చరిత్ర మరిచి చదవలేం.

శ్రీశ్రీ మీద నింద వేయడానికి ఈ మాట అనడం లేదు. ఆ గుంపులో పేర్లు లేవు, ఊళ్లు లేవు, కులాలు లేవు. అందుకే ఎవరైనా కలవొచ్చు. ఆ లయ విన్నవాడి కాలు ఊరుకోదు. కానీ రెండు చోట్ల మా కాలు ఆగింది. కదిలే యువకులకు ఆయన చూపిన పోలికల్లో అర్జునుడు ఒకడు. ఏకలవ్యుడు మావాడని చెప్పుకునే ఎరుకల కుర్రవాడు ఆ పోలికను ఎట్లా మింగాలి? ఆ అర్జునుడి కోసమేగా బొటనవేలు పోయింది! రెండోది, వయసు మళ్లిన సోమరులను కవి చావమంటాడు. ఆయన కోపం సోమరితనం మీదే కావచ్చు. అయినా అడవిలో ఏ ఆకు మందో, ఏ దారిలో నీళ్లున్నాయో చెప్పేది మాకు ముసలివాళ్లే. వాళ్లను దాటుకుని పోయే తిరుగుబాటు మాకు తెలియదు.

నవలలో భీము ఒంటరిగా గాలిలోంచి ఊడిపడడు. పంట లాక్కోవడానికి వచ్చిన సిద్దిక్‌ను కొట్టి చంపి పారిపోయినప్పుడు కుర్రవాడు. అచ్చుయంత్రం దగ్గర అక్షరాలు, అస్సాం తేయాకు తోటల్లో కూలీల బతుకు నేర్చుకుని తిరిగి వస్తాడు. ఆ తర్వాతే జోడేఘాట్ చుట్టూ 12 ఊళ్లు. చిన్నాన్నలు, ఆడవాళ్లు, దున్నిన చేను, దానిమీద అటవీ సిబ్బంది వేసే కేసులు, హైదరాబాదు దాకా పోయినా నిజాం దర్శనం దొరకకపోవడం, ఇవన్నీ కలిస్తేనే ఆ గుంపు. 1940లో పోలీసు కాల్పుల్లో చనిపోయేనాటికి ఆయనకు దాదాపు 40 ఏళ్లు. గేయంలో ఒక్క దూకులో జరిగేది ఇక్కడ పండడానికి ఇరవై ఏళ్లు పట్టింది. గోండుల స్థితి చూసి రమ్మని నిజాం సర్కారు హైమండార్ఫ్‌ను పంపింది కూడా ఆ చావు తర్వాతే.

మాకు నవలే దగ్గర. గుంపులో ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పింది కాబట్టి. మదనపల్లె పక్కనో, శ్రీకాళహస్తి పక్కనో పట్టా కోసం తిరిగే యానాది కుర్రవాడికి ఆ 12 ఊళ్ల గొడవ వివరించే పని లేదు.

నవలకూ ఒక లోటుంది. రచయితలిద్దరూ గోండులు కారు. ఎంత ప్రేమగా రాసినా భీము తెలుగులోనే మాట్లాడతాడు. తన ఊరివాళ్లను లేపినప్పుడు గోండిలో ఏమని పిలిచాడో ఆ పుటల్లో వినబడదు. మన ఎరుకల భాషలో అట్లాంటి పిలుపుకు ఏ మాట వాడతారో ఇంటి పెద్దలను అడిగి రాసుకునేవాళ్లు ఇప్పుడు మనలో ఎంతమంది ఉన్నారు?