ప్రతి ఉద్యమమూ నిర్గమమేనా? ఒక విమర్శ

సామాజిక ఉద్యమములపై మన వేదాంత విద్యార్థులు వ్రాసే పత్రములు తరచుగా ఒకే బాటలో నడుస్తున్నాయి. ముందు డేవిడ్ ఆబర్లీ 1966లో చేసిన వర్గీకరణ, వెనుక నిర్గమకాండము. మార్పు వ్యక్తిలోనా, సమాజములోనా? అది కొంతమట్టుకా, సంపూర్ణమా? ఈ రెండు ప్రశ్నలతో ఆబర్లీ ఉద్యమములను నాలుగు రకములుగా విభజించాడు. ఇది ఉపయోగకరమే. అయితే ఉద్యమమునకు ఎదుటి పక్షము ఎవరనే ప్రశ్న అందులో లేదు. ఆ ప్రశ్న అడుగనందుననే మన ప్రసంగములలో ప్రతి ఉద్యమమునకు ఒక ఫరో కావలసివస్తున్నాడు. మూడు తెలుగు ఉద్యమములను పరిశీలిద్దాము.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలు హత్యకు గురయ్యారు. బాధితులు చీరాలలో శిబిరముగా నిలిచారు. ఆ పోరాటము నుండి అదే సంవత్సరము దళిత మహాసభ పుట్టింది. ఎదుటి పక్షము భూమి, కులబలము గలవారు. కోరినది ప్రాణరక్షణ, న్యాయము, ఆత్మగౌరవము. ఇక్కడ నిర్గమకాండము సరిగా వర్తిస్తుంది.

1992 నాటి నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీల సారా వ్యతిరేక ఉద్యమమును త్రాగుబోతు మారుమనస్సు కథగా మాత్రమే చెప్పుట చాలదు. ఆ స్త్రీలు భర్తలను మందలించి ఊరుకోలేదు. ప్రభుత్వపు సారా వేలంపాటలను అడ్డుకొన్నారు. వారి ఎదుట నిలిచినది పాపి ఒక్కడే కాదు, ఆ పాపముపై వచ్చే ఆబ్కారీ ఆదాయము కూడా. 1993 అక్టోబరులో సారా నిషేధము, 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చాయి. 1997లో రెండవదానిని ప్రభుత్వమే సడలించింది. దీనికి తగిన పాఠము అపొ. కార్యములు 16వ అధ్యాయము. ఫిలిప్పీలో ఒక చిన్నది విడుదల పొందగా, ఆమె వలన లాభము పొందుచున్న యజమానులే పౌలును అధికారుల యొద్దకు ఈడ్చుకొనిపోయారు.

మాదిగ దండోరా 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుముడిలో ఆరంభమైనది. దీని లక్ష్యము షెడ్యూల్డు కులముల రిజర్వేషనులో న్యాయమైన వాటా. 2000లో వచ్చిన చట్టమును సుప్రీంకోర్టు 2004లో కొట్టివేసింది. 2024 ఆగస్టు 1న ఉపవర్గీకరణకు అనుమతించింది. 2025లో ఆంధ్రప్రదేశ్ 15 శాతమును 1, 6.5, 7.5గా విభజించింది. మా సత్యవేడు సరిహద్దు దాటితే తమిళనాడు. అక్కడ అరుంధతీయులకు 2009లోనే 18 శాతములో 3 శాతము ఇవ్వబడింది.

ఈ ఉద్యమములో ఎదుటివాడు సహోదరుడు. మాల, మాదిగ విశ్వాసులు ఒకే బల్ల యొద్ద రొట్టె విరిచే సంఘములున్నాయి. అక్కడ ఒకరిని ఫరో అని పిలిచే ప్రసంగము ఆ బల్లనే చీల్చుతుంది. క్రీస్తులో భేదము లేదని చెప్పి అడిగినవారి నోరు మూయించుట కూడ అంతే తప్పు. అపొ. కార్యములు 6వ అధ్యాయములో గ్రీకు భాష మాటలాడు యూదులు అనుదిన పరిచర్యలో తమ విధవరాండ్రు విడువబడ్డారన్నప్పుడు, అపొస్తలులు ఐక్యతను గూర్చి ఉపదేశించి పంపివేయలేదు. ఏడుగురిని ఏర్పరచుకొమ్మని శిష్యులతో చెప్పి, వారికి ఆ పని అప్పగించారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే.

కావున ఉద్యమములపై వ్రాయువారు లక్ష్యమును, పరిధిని మాత్రమే గాక ఎదుటి పక్షమును కూడ గుర్తించి, ఆ తరువాతనే వాక్యభాగమును ఎన్నుకోవాలని మేము కోరుచున్నాము. ఈ క్రమము తప్పితే పీడకుడు తప్పించుకొంటాడు, సహోదరుడు శత్రువవుతాడు.