వంతపాటలో ఉంది బలం

బుర్రకథలో నిలబడేది ముగ్గురు. నడుమ తంబురా పట్టిన కథకుడు, అటూ ఇటూ డక్కీలు వాయించే ఇద్దరు వంతలు. ఒకడు నవ్విస్తాడు. రెండోవాడి పని రాజకీయం. కథ మంచి ఊపులో ఉండగా అడ్డు తగిలి, పాత యుద్ధాల సంగతి సరే, నేటి కరువు మాటేమిటని అడిగే హక్కు అతనిది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను ఊరికే చేపట్టలేదు. ప్రశ్నించడానికి అందులో అప్పటికే ఒక మనిషి నిలబడి ఉన్నాడు! గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ పల్నాటి యుద్ధాన్ని ఎంత ఉద్వేగంగా చెప్పారో బెంగాల్ కరువునూ అంతే ఉద్వేగంగా చెప్పారు.

తెలంగాణ సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు లాంటివారు కొత్త బాణీల కోసం వెతుక్కోలేదు. గొల్లసుద్దులు, ఉయ్యాల పాటలు, నాట్లేసేటప్పుడు ఆడవాళ్లు పాడుకునేవి, అన్నీ పనికొచ్చాయి. రాగం ఊరందరికీ వచ్చు కాబట్టి మాటలు పట్టుబడితే చాలు. చదువు అందని పల్లెల్లో ఇది చిన్న సౌకర్యం కాదు. కరపత్రం దొరికితే పోలీసులు చించేస్తారు. నాటు వేస్తూ పాడే పాటను పట్టుకోవాలంటే మడిలో దిగాలి.

బండ్ల వరుసతో మొదలయ్యే బండి యాదగిరి పాట చేసిన పని ఇంకా పెద్దది. దొర ఎదుట 'నీ బాంచెన్' అనకుండా నోరు విప్పలేని మనిషి, ఆ పాటలో నైజాం సర్కారునే ఏకవచనంలో నిలదీస్తాడు. ఒక్కడే అంటే ప్రాణం మీదికి వచ్చే మాట అది. పదిమంది పల్లవి అందుకుంటే ఎవరన్నారో తేల్చడం కష్టం. వంతపాట అలంకారం కాదు, రక్షణ.

ఆ పాటనే 'మా భూమి' సినిమాలో గద్దర్ తెరమీద పాడారు. గొంగడి, చేతికర్ర, కాలి గజ్జెలు ఆయన వేషమని చాలామంది అనుకుంటారు గాని, అసలు విద్య పాట ఆపడంలో ఉంది. చరణం మధ్యలో ఆగి జనంతో ముచ్చట పెట్టేవారు, ఎగతాళి చేసేవారు, కోపగించేవారు. డప్పు సన్నగా నడుస్తూనే ఉండేది. ముచ్చట ముగిసి పల్లవి తిరిగొచ్చేసరికి దాన్ని ఎత్తుకునేది ఆయన కాదు, ఎదురుగా కూర్చున్నవాళ్లు. 1997 ఏప్రిల్‌లో ఆయన మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా చివరిదాకా ఒంట్లోనే ఉండిపోయింది. పాటకు భయపడేవాళ్లు ఉన్నారనడానికి వేరే రుజువు అక్కర్లేదు.

విశాఖ షిప్‌యార్డులో పనిచేసిన వంగపండు ప్రసాదరావుది మరో దారి. ఉత్తరాంధ్ర యాసను ఆయన ఎక్కడా దిద్దలేదు. శ్రీకాకుళం పోరాటం గురించి పాడినా అది ఇద్దరు మనుషులు దారిలో మాట్లాడుకున్నట్టే ఉంటుంది. ఉపన్యాసంలా సాగే విప్లవగీతాలు పాతబడిపోయినా ఆయన పాటలు నిలవడానికి కారణం అదే కావచ్చు.

ఇప్పుడు ఇవే బాణీలు అన్ని పార్టీల ప్రచార రథాల మీదా మోగుతున్నాయి. గద్దర్ పేరుతో తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులు ఇస్తోంది. గౌరవం మంచిదే. ప్రచార పాటల్లో మాత్రం కోరస్ స్టూడియోలోనే ముందుగా పాడించేస్తారు. మధ్యలో ఆగి అడిగేవాళ్లకు అందులో చోటుండదు.